సమాధానం: ఒక్క కల్చర్ నెగెటివ్ వస్తే చాలదు

మీ చెన్నై ఆసుపత్రి వంటమనిషి టైఫాయిడ్ క్యారియరా, అంటే జబ్బు కనపడకున్నా క్రిమిని మోసి ఇతరులకు అంటించే మనిషా అని అడిగారు. జ్వరం లేదు, విడాల్ (టైఫాయిడ్ యాంటీబాడీలు చూసే రక్తపరీక్ష) 1:160, ఒక మల కల్చర్ (మలంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) నెగెటివ్ అన్నారు. వంటకు పంపొచ్చా అంటే, ఇప్పుడే వద్దండీ. విడాల్ క్యారియర్‌ని తేల్చదు, పక్కన పెట్టండి. టైఫాయిడ్ క్రిమి పిత్తాశయంలో దాక్కుని ఒకరోజు మలంలో పడుతుంది, మరోరోజు పడదు. 48 గంటల ఎడంతో మూడు నమూనాలు తీయండి, యాంటీబయాటిక్ వాడుతుంటే ఆ కోర్సు పూర్తయ్యాకే. మలద్వారంలో దూదిపుల్లతో తీసే స్వాబ్ కంటే మలం మేలు. రెండు గంటల్లో ల్యాబుకు చేరకపోతే కేరీ-బ్లెయిర్‌లో (దారిలో క్రిమి చావకుండా కాపాడే మాధ్యమం) వేయండి. ఈ ఎండలో ఉత్త డబ్బా పనికిరాదు. ల్యాబులో సెలెనైట్ బ్రాత్ (టైఫాయిడ్ క్రిమిని ముందు పెరగనిచ్చే ద్రవం) నుంచి 12–18 గంటలకే సబ్‌కల్చర్ చేయమనండి, అంటే ప్లేటు మీదికి మార్చమనండి, ఆలస్యమైతే పేగుల్లో మామూలుగా ఉండే ఈ.కోలై కమ్మేస్తుంది. ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు (ఇలాంటి క్రిముల్ని రంగుతో గుర్తుపట్టే మాధ్యమం) మీద నల్లచుక్క కోసమే వెతికితే టైఫీ, అంటే టైఫాయిడ్ క్రిమి, జారిపోతుంది, దానికి నలుపు ఒక్కోసారి అసలుండదు. వీఐ యాంటీబాడీ (క్యారియర్‌ని పట్టడానికి వాడే రక్తపరీక్ష) చేయిస్తే ముందు టైఫాయిడ్ టీకా సంగతి అడగండి, టీకాతోనూ పాజిటివ్ రావచ్చు. అంతవరకు వంట, వడ్డన మాన్పించండి. జీతం మాత్రం కోయకండి, కోస్తే రేపు ఎవరూ నమూనా ఇవ్వరు.