థీసిస్‌కు కాపీరైట్ రాదని చదువు మాన్పిస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. తనకొచ్చిన ఫలితమే వేరొకరు ముందుగా ప్రచురించారు. ఇక తన థీసిస్ ఒరిజినల్ కాదు, కాపీరైట్ రాదు అంటున్నారు. రీసెర్చ్ మాన్పించి ఐపీ (పేటెంట్, కాపీరైట్ లాంటి మేధో సంపత్తి హక్కుల) సర్టిఫికెట్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మేలు?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ప్రపంచంలో ఇదే మొదటిదా అని చూసేది పేటెంట్. కాపీరైట్ చూసేది వేరు: ఎక్కడా ఎత్తిరాయకుండా సొంతంగా రాసిందా, అందులో కాస్తయినా తన ఆలోచన ఉందా అని. ఒకే ఫలితం గురించి ఇద్దరు ఎవరికి వారు రాస్తే ఇద్దరి రాతకూ కాపీరైట్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు, కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రాయగానే వస్తుంది. ఫలితం మీద మాత్రం ఎవరికీ ఉండదు. పద్ధతులకూ గణిత భావనలకూ కాపీరైట్ వర్తించదని ప్రపంచ వాణిజ్య సంస్థ వారి మేధో సంపత్తి ఒప్పందం, ట్రిప్స్, 9వ అధికరణంలోనే ఉంది.

ఆమె థీసిస్‌లో ఒక పట్టిక తీసుకోండి. సమ్మేళనాల పేర్లు అక్షర క్రమంలో, పక్కన ద్రవీభవన స్థానాలు. ఆ అంకెల కోసం ల్యాబ్‌లో ఎన్ని రాత్రులు గడిపినా అవి ఆమె సొత్తు కావు. 1991లో ఫీస్ట్ కేసులో, టెలిఫోన్ డైరెక్టరీ విషయంలో, అమెరికా సుప్రీంకోర్టు తేల్చిందీ ఇదే: కష్టపడ్డంత మాత్రాన చాలదు, కొద్దిపాటి సృజన ఉండాలి. ఎంత ఉండాలన్నది దేశాన్ని బట్టి కొంత మారుతుంది. కానీ ఆ పట్టిక కింద, ఒక్క సమ్మేళనం మాత్రం ఎందుకు తేడాగా ప్రవర్తించిందో ఆమె రాసిన పేరా ఉంటుంది చూడండి, అది అచ్చంగా ఆమెది.

ఇక సర్టిఫికెట్ కోర్సు. ఈ మధ్య అందరూ అటే పరిగెడుతున్నారు, నాకైతే నమ్మకం తక్కువ. సెక్షన్ల పేర్లు నోటికొస్తాయి, ఒక పేటెంట్ దరఖాస్తు చదివి లోపం పట్టే చూపు రాదు. పేటెంట్ పనికి కావలసింది సైన్స్‌లో లోతు. ఆ లోతు వస్తున్న చోటునే మీరు మాన్పిస్తానంటున్నారు! చట్టం మీద నిజంగా ఆసక్తి ఉంటే పీహెచ్‌డీ అయ్యాక చదువుకోవచ్చు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మాన్పిస్తాం, చేర్పిస్తాం అన్నారే గానీ అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క ముక్క రాయలేదు. పీహెచ్‌డీ దాకా వచ్చిన మనిషిని చిన్నపిల్లను బడి మార్చినట్టు మారుస్తారా?

డిగ్రీకి కావలసిన కొత్తదనం సంగతి గైడ్ తేల్చాలి, చట్టం కాదు. ముందొచ్చిన ఆ పేపర్‌ను పక్కన పెట్టుకుని, ద్రావణి, ఉష్ణోగ్రత, విశ్లేషణ, ఎక్కడెక్కడ తన పని తేడాగా ఉందో ఆమెనే రాసి గైడ్‌కు చూపించమనండి. ఆ పేపర్‌ను థీసిస్‌లో తప్పకుండా ఉదహరించాలి.