బెల్లం పెడుతున్నా ఆవు రక్తంలో గ్లూకోజ్ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర జాతి ఆవు ఈని మూడు వారాలైంది. రోజుకు 18 లీటర్ల పాలిచ్చేది, నాలుగు రోజులుగా 11 లీటర్లకు దిగింది. గడ్డి కొరుకుతోంది కానీ దాణా ముట్టడం లేదు. బాగా చిక్కింది, నోటి నుంచి అదోరకం తీపి వాసన వస్తోంది. డాక్టరు గారు చూసి కీటోసిస్ అన్నారు, రక్తంలో గ్లూకోజ్ తగ్గిందని సెలైన్ ఎక్కించారు. ఈనినప్పటి నుంచి రోజూ అర కిలో బెల్లం పెడుతూనే ఉన్నాం. మరి గ్లూకోజ్ ఎందుకు తగ్గింది?
– ఒక పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మనం అన్నం తింటే అందులోని పిండి పదార్థం పేగుల్లో గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. నెమరు వేసే పశువులో అలా జరగదు. మీరు పెట్టిన బెల్లం పేగుల దాకా చేరకముందే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే ఆమ్లాలుగా మార్చేస్తాయి. అందువల్ల ఆవు తనకు కావలసిన గ్లూకోజ్‌ను దాదాపు మొత్తంగా సొంతంగానే, ముఖ్యంగా కాలేయంలో, కొంత మూత్రపిండాల్లో, కొత్తగా తయారు చేసుకోవాలి. దీనినే గ్లూకోనియోజెనెసిస్ అంటారు. దీనికి ప్రధాన ముడిసరుకు ప్రొపియొనేట్. అది చాలనప్పుడు కండరాల్లోని మాంసకృత్తులు, కొవ్వు కరిగినప్పుడు విడుదలయ్యే గ్లిజరాల్ కూడా ఖర్చవుతాయి.

లీటరు పాలు తయారు కావడానికి పొదుగు సుమారు 70 గ్రాముల గ్లూకోజ్‌ను తీసుకుంటుంది. అంటే 18 లీటర్లకు రోజుకు కిలోంబావు పైనే కావాలి. ఈనిన తొలి వారాల్లో పాలు పెరిగినంత వేగంగా మేత పెరగదు కాబట్టి ఆవు ఒంట్లోని కొవ్వును కరిగిస్తుంది. అయితే కొవ్వు ఆమ్లాల నుంచి గ్లూకోజ్ తయారు కాదు. అవి కాలేయంలో పూర్తిగా దహనం కావాలంటే ఆక్సాలోఎసిటేట్ అనే పదార్థం అవసరం, అదేమో అప్పటికే గ్లూకోజ్ తయారీకి తరలిపోతూ ఉంటుంది. అలా మిగిలిపోయిన కొవ్వు కీటోన్ పదార్థాలుగా మారుతుంది, అవి ఒంట్లో పేరుకోవడమే కీటోసిస్. మీకు తగిలిన తీపి వాసన వాటిలో ఒకటైన అసిటోన్‌ది.

డాక్టరు గారు సెలైన్ పెట్టడం సరైన పనే. కానీ 25 శాతం డెక్స్‌ట్రోజ్ (అంటే గ్లూకోజే) అర లీటరు సీసాలో ఉండేది 125 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే, దాని ప్రభావం కొద్ది గంటలే. కాలేయానికి ముడిసరుకు అందితే తప్ప ఆవు నిలదొక్కుకోదు. అందుకే కాలేయంలో గ్లూకోజ్‌గా మారే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవాన్ని సాధారణంగా రోజుకు 300 మి.లీ. చొప్పున 3 నుంచి 5 రోజులు తాగిస్తారు. డాక్టరు గారిని అడిగి మోతాదు ఖాయం చేసుకోండి. తాగించేటప్పుడు తల మరీ పైకెత్తకండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.

బెల్లం మానేయండి. అది పులిసినప్పుడు వచ్చే బ్యుటిరేట్ కూడా కీటోన్‌గానే మారుతుంది, మోతాదు మించితే పొట్టలో ఆమ్లత పెరిగి ఉన్న ఆకలి కూడా చస్తుంది. ముందు మంచి పచ్చిమేతతో ఆకలి రప్పించండి. తర్వాత మొక్కజొన్న నూక కలిసిన దాణాను రోజుకు కొంచెం చొప్పున పెంచండి, ఎందుకంటే గింజల పిండి పదార్థం నుంచి ప్రొపియొనేట్ ఎక్కువగా వస్తుంది. ప్రొపియొనేట్ గ్లూకోజ్‌గా మారడానికి బి12 విటమిన్ అవసరం, దాన్ని పొట్టలోని సూక్ష్మజీవులు కోబాల్ట్‌తో తయారు చేస్తాయి కనుక ఖనిజ లవణ మిశ్రమాన్ని రోజూ దాణాలో కలపండి.

మూడు రోజుల్లో దాణా ముట్టకపోతే మూత్రానికి రొథేరా పరీక్ష చేయించండి, కీటోన్లు ఉంటే అందులో ఊదా రంగు వస్తుంది. ఆ రంగు ఇంకా గాఢంగానే వస్తుంటే గర్భసంచి వాపు, నాలుగో పొట్ట పక్కకు జరగడం వంటి మూల కారణం ఉందేమో డాక్టరు గారి చేత తప్పక చూపించండి.