20 శాతం తగ్గించాలి సరే, దేనిలో 20 శాతం?

ఐదేళ్ల ప్రణాళికలో "ప్రమాదవశాత్తు జరిగే గాయాలు 20 శాతం తగ్గించాలి" అని రాస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. ఆ వాక్యానికి మీటింగులో అందరూ తలూపుతారు, బయటికొచ్చాక అది ఎవరి పనీ కాదు. ఇలాంటి లక్ష్యాలు రాసే ప్రజారోగ్య బృందంలో లెక్కలు చూసే పని చేశాను కాబట్టి అక్కడ తెలిసింది చెప్తాను.

ముందు ఆస్పత్రి క్యాజువాలిటీ రిజిస్టరు తెరవండి. మేం తెరిచినప్పుడు 'కారణం' గడిలో పేజీలకు పేజీలు రెండే మాటలు: 'పడిపోయారు', 'యాక్సిడెంట్'. మెట్ల మీద పడ్డారా, నిచ్చెన మీంచా, తడి నేల మీదా? ఏమీ లేదు. రాసేవాళ్లను అనడానికీ లేదు, ఎదురుగా రక్తం కారుతుంటే వివరాలు రాస్తూ ఎవరు కూర్చుంటారు? అందుకని ఆ గడిని మూడు చేశాం: ఎక్కడ, ఏం చేస్తుండగా, దేనివల్ల. రాసే పని లేకుండా టిక్కు పెడితే చాలు. కొన్ని నెలలకే ఒక సంగతి బయటపడింది. పెద్దవయసువాళ్లు పడిపోయిన కేసుల్లో చాలావాటికి చోటు ఒకటే: రాత్రి మంచం దిగి బాత్రూంకి వెళ్లే దారి. దాంతో 'పడిపోవడాలు తగ్గించాలి' అన్న లక్ష్యం కాస్తా ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్లలో పట్టుకునే కమ్మీ, రాత్రంతా వెలిగే చిన్న లైటు, వాళ్లు వేసుకునే నిద్రమాత్రల మీద డాక్టరు మరోసారి ఆలోచించడం, ఇలా మారింది. ఇవి లెక్కపెట్టగలిగే పనులు, ఎవరు చేయాలో కూడా చెప్పొచ్చు.

ఇక్కడో మెలిక ఉంది. రాయడం మెరుగుపడితే కేసులు పెరిగినట్టు కనిపిస్తాయి, పై అధికారి కంగారుపడతాడు. అందుకే ఫలితాల లక్ష్యాన్ని మరణాలమీదా, ఆస్పత్రిలో చేరాల్సివచ్చిన గాయాలమీదా పెట్టండి, ప్రతి గీతా గాటూ లెక్కలోకి తేవద్దు. లక్ష జనాభాకు ఎన్ని అన్న రేటు తీసి, వయసుల వారీగా విడదీయండి. మీది చిన్న ప్రాంతమైతే ఒక ఏడాది మరణాలు తగ్గడం, మరో ఏడాది పెరగడం కాకతాళీయమే కావచ్చు, మూడేళ్ల సగటు చూడండి.

అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు సుమారు 11.9 లక్షలు, నీట మునిగి పోయినవాళ్లు 3 లక్షలు. పడిపోయి చనిపోయేవాళ్లు ఏటా 6.84 లక్షలని ఆ సంస్థే అంటుంది. మునిగిపోయినవాళ్లలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు, పడిపోయి చనిపోయేవాళ్లలో ఎక్కువమంది 60 దాటినవాళ్లు. బావికి కంచె కట్టే శాఖ వేరు, బాత్రూంలో కమ్మీ బిగించేది వేరు.

లక్ష్యం ఎంత పెద్దగా ఉండాలన్నది రెండో ప్రశ్న. రోడ్డు మరణాలను 2020కల్లా సగం చేస్తామని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. 2010 నుంచి 2021 మధ్య తగ్గింది 5 శాతమే. అదే 'సగం' ఇప్పుడు 2030కి జరిగింది. రోడ్ల మీద మరణాలు సున్నాకి తేవాలన్న 'విజన్ జీరో' విధానాన్ని స్వీడన్ పార్లమెంటు 1997లో ఆమోదించింది. అందులో నాకు నచ్చేది సున్నా కాదు, బాధ్యత ఎవరిదో చెప్పిన తీరు. మనుషులు పొరపాట్లు చేస్తూనే ఉంటారు, ఆ పొరపాటు ప్రాణం తీయకుండా చూడాల్సింది రోడ్డు కట్టేవాళ్లూ వేగపరిమితి పెట్టేవాళ్లూ కూడా అంటుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందన్నది అందరూ వాడే అంచనా. అంటే ఫలానా రోడ్డు మీద సగటు వేగం ఎంతకు దించాలో లక్ష్యంగా రాసుకోవచ్చు. మరణాల రేటు కదలడానికి ఏళ్లు పడుతుంది, వేగం దిగిందో లేదో నెలల్లో కొలిచి చూడొచ్చు.

గాయాల నివారణ మీద పనిచేసిన అమెరికా వైద్యుడు విలియం హాడన్ గీసిన పట్టిక కూడా మీటింగుకి తీసుకెళ్లండి. ఏ దశలో ఏం చేయొచ్చో రాసుకోడానికి అందులో మూడు వరుసలు: ప్రమాదానికి ముందు, జరుగుతున్నప్పుడు, జరిగాక. మూడో వరుస ఖాళీగా మిగిలిపోవడం నేను ఎక్కువగా చూశాను, అంబులెన్సు ఎంతసేపట్లో రావాలన్నది గాయాల నివారణ కింద ఎవరికీ తోచదు. 'అవగాహన సదస్సులు నిర్వహించాలి' అన్నది మాత్రం ప్రతి గడిలోకీ దూరుతుంది. నిర్మొహమాటంగా కొట్టేయండి, నేనైతే కొట్టేస్తాను.

చివరగా, బేస్‌లైన్, అంటే తర్వాత పోల్చిచూడ్డానికి మొదటి లెక్క, లేకపోతే మొదటి ఏడాది శాతాల జోలికి పోకుండా 'కారణం గడి పూర్తిగా నింపిన కేసులు ఇన్ని' అని ఒక్క లక్ష్యమే పెట్టుకోండి. పైవాళ్లు ఒప్పుకోకపోతే ఆ రిజిస్టరు పేజీ ఒకటి జిరాక్స్ తీసి ఫైలుకి జతచేయండి.