డిశ్చార్జి కాగితంలో "ఆప్గార్ 7, 9" అంటే ఏమిటి?

"తిరుపతిలో మా చెల్లెలికి కాన్పయింది. బిడ్డ కాగితంలో ఆప్గార్ 7, 9 అని రాశారు. పదికి పది ఎందుకు రాలేదు?" అని అడిగారు.

టెన్షన్ అక్కర్లేదు, అవి మంచి మార్కులే. పుట్టగానే బిడ్డ ఎలా ఉందో 1వ నిమిషంలో ఒకసారి, 5వ నిమిషంలో ఒకసారి చూసి వేసే మార్కులే ఆప్గార్. అమెరికాలో మత్తు డాక్టరు వర్జీనియా ఆప్గార్ 1952లో దీన్ని రూపొందించారు. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, కదిలిస్తే స్పందన, ఒంటి రంగు, ఒక్కోదానికి 0 నుంచి 2. గుండె నిమిషానికి 100 సార్లు, ఆపైన కొట్టుకుంటే 2 మార్కులు. చాలామంది పిల్లలకు ఒక మార్కు రంగు దగ్గరే పోతుంది. ఒళ్లంతా ఎర్రగా ఉన్నా, చేతులూ పాదాలూ కాసేపు నీలంగానే ఉంటాయి. అది మామూలే.

5వ నిమిషంలో 7 కంటే తక్కువైతే 20వ నిమిషం వరకు 5 నిమిషాలకోసారి మళ్లీ చూస్తారు. ఊపిరి తీయని బిడ్డకు సాయం మాత్రం మార్కుల కోసం ఆగదు, మొదటి నిమిషంలోనే మొదలవుతుంది. పెద్దయ్యాక చదువెలా వస్తుందో ఈ అంకె చెప్పదు, చుట్టాల పిల్లలతో పోల్చకండి.

ఇప్పుడు చూసుకోవాల్సింది వేరే. బొడ్డుకు ఆముదం, పసుపు రాయకుండా పొడిగా ఉంచండి. సాంబ్రాణి పొగ వద్దు (అమ్మమ్మ అలిగినా సరే). బిడ్డ పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు చల్లబడినా, అరికాళ్ల దాకా పచ్చబడినా, అర్ధరాత్రయినా తిరుపతిలోని రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి.