ఒక పని పూర్తిగా నాన్నకే వదిలేయండి

ప్రశ్న: మా బాబుకి నాలుగో నెల. మా వారు ముద్దు చేస్తారు, ఆడిస్తారు. వాడు ఏడుపు అందుకోగానే మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టేస్తారు. ‘మగవాళ్లకి ఇవన్నీ చేతకావులే’ అంటారు అత్తయ్య. నిజంగా అంతేనా?

జవాబు: కాదండీ. పసిబిడ్డను చూసుకోవడం ఎవరికైనా చేస్తుంటేనే చెయ్యి తిరుగుతుంది. ఆకలి ఏడుపేదో నిద్ర ఏడుపేదో మీకు తెలుస్తోందంటే రోజంతా మీరే చూస్తున్నారు కాబట్టి. మగవాళ్ల ఒంట్లో కూడా మార్పు వస్తుంది. ఫిలిప్పీన్స్‌లో యువకులను కొన్నేళ్లు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తండ్రులయ్యాక టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తగ్గింది. రోజుకు 3 గంటలు, అంతకుమించి పిల్లల్ని చూసుకునేవారిలో అది ఇంకా తక్కువ.

మైకేల్ లాంబ్, జోసెఫ్ ప్లెక్ వంటి పరిశోధకులు 1980ల్లోనే తండ్రి పాత్రను మూడుగా విడదీశారు: స్వయంగా చేయడం, అందుబాటులో ఉండటం, బాధ్యత మోయడం. చిక్కంతా మూడోదానితోనే. టీకా ఎప్పుడో, డైపర్లు ఎన్ని మిగిలాయో తల్లే గుర్తుపెట్టుకుంటుంది. తండ్రి చెప్పింది చేసి ఊరుకుంటాడు. అందుకే ఒక పని మొదలు నుంచి చివరిదాకా ఆయనకే అప్పగించండి.

స్నానంతో మొదలుపెట్టవచ్చు. నీళ్లు 37 డిగ్రీల దగ్గర, మోచేత్తో చూస్తే గోరువెచ్చగా తగలాలి. తువ్వాలు, బట్టలు, డైపర్ ముందే చేతికందేలా పెట్టుకోవాలి. సగంలో గుర్తొస్తే కంగారే, పైగా బిడ్డను నీళ్లలో వదిలి క్షణం కూడా కదలకూడదు. మెడ కింద ముంజేయి ఆనించి, అదే చేత్తో అవతలి జబ్బ పట్టుకోవాలి. పది నిమిషాల్లో ముగించి మెడ, చంకలు, తొడల మడతల్లో తడి అద్దాలి. తడి నిలిస్తే అక్కడే ఒరుసుకుని ఎర్రబడుతుంది. సబ్బు అయిపోవస్తే తెచ్చేదీ ఆయనే.

ఆ కాసేపూ మీరు పక్క గదిలో ఉండండి. మీకు అదే కష్టం, తెలుసు. కానీ గుమ్మంలోంచి ‘అలా కాదు’ అని నాలుగుసార్లు వినిపిస్తే చాలామంది ఇక ఆ పని జోలికి రారు. డైపర్ వంకరగా వేసినా పోనివ్వండి. ఏడుపు ఆపాలని బిడ్డను గట్టిగా కుదపడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఓపిక నశిస్తే తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి రెండు నిమిషాలు పక్కకు వెళ్లాలని ఇద్దరూ ముందే అనుకోండి.

ప్రశ్న: నేను ఇంటికొచ్చేసరికే మా పాప నిద్రపోతుంది. పాపను చూసుకోవడానికి తండ్రిగా సెలవు అడిగితే ఆఫీసులో ఏమనుకుంటారోనని సంకోచం. ఏం చేయాలి?

జవాబు: ఈ సంకోచం మీ ఒక్కరిదే కాదు. స్వీడన్ 1974లోనే జీతంతో కూడిన ఈ సెలవును తండ్రులకూ ఇచ్చింది. అయినా ఏళ్ల తరబడి వాడుకున్నది కొద్దిమందే. 1995లో, తండ్రి వాటాగా ఉన్న ఒక నెల ఆయన తీసుకోకపోతే పోతుందనే నిబంధన వచ్చాక తీసుకునేవాళ్లు బాగా పెరిగారు. కాబట్టి మీకు నిబంధనల ప్రకారం ఎంత సెలవుందో కనుక్కుని, ముందుగానే రాతపూర్వకంగా అడగండి. కుదిరితే కొంత సెలవు పాప తల్లి ఉద్యోగానికి తిరిగి వెళ్లే రోజులకు ఉంచండి. ఇంట్లో పాపతో మీరొక్కరే ఉన్నప్పుడే బాగా నేర్చుకుంటారు.

ఈలోగా, పాప లేచినప్పటి నుంచి మీరు బయల్దేరేదాకా డైపర్, బట్టలు మీ వంతు. టీకాల కార్డు కూడా మీ దగ్గరే ఉంచుకుని, తర్వాతి తేదీ ఆఫీసులో ముందే చెప్పి మీరే తీసుకెళ్లండి.