పెద్దవాళ్లకి వేరే డాక్టరు కావాలా? మా నాన్న సంగతి చెప్తాను

"మా నాన్నగారికి 76. వృద్ధుల కోసమే చదివిన డాక్టర్లు ఉంటారట, నిజంగా అవసరమా? మామూలు ఫిజీషియన్ చాలరా?" అని ఒకరు అడిగారు. చాలరు. చంటిపిల్లాణ్ణి పెద్దల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తామా? ఇదీ అంతే.

2019లో మా నాన్నకి 78. నెల తిరక్కుండా మూడుసార్లు పడ్డారు. మూడుసార్లూ తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచినప్పుడే. మూడోసారి కనుబొమ్మ చీలి నాలుగు కుట్లు పడ్డాయి. నెల్లూరులో ఒక పెద్ద ఆస్పత్రిలో తలకి స్కానింగులు తీసి, ఏమీ లేదని తేల్చి, తల తిరక్కుండా ఇంకో మాత్ర రాశారు. "వయసైపోయింది కదండీ" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నెల కిందట లేని వయసు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? పైగా ఆ మాట నాతో అన్నారు, ఆయనతో కాదు. పక్కనే కూర్చున్న మనిషిని వదిలేసి కొడుకుని అడగడం ఏం పద్ధతి? పాతికేళ్లు లెక్కలు చెప్పిన మేష్టారు ఆయన.

చెన్నైలో ఉన్న అక్క పట్టుబట్టి, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. మన దేశంలో వృద్ధుల వైద్యానికి దారి వేసింది అక్కడే. డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో అక్కడ వృద్ధులకి విడిగా ఓపీ పెట్టారు. 1996లో మద్రాస్ మెడికల్ కాలేజీలో దీనికి ఎం.డి. కోర్సు కూడా మొదలైంది.

అక్కడ ఒక కుర్ర డాక్టరు, తమిళం కలిసిన తెలుగులో, నేరుగా నాన్ననే అడిగాడు. "అయ్యా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? లేవగానే కళ్లు బైర్లు కమ్ముతాయా?" తర్వాత మందుల సంచి బల్ల మీద కుమ్మరించాడు. పదకొండు రకాలు తేలాయి. అందులో బీపీ మాత్ర ఒకటే రెండు పేర్లతో ఉంది, ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా రాసింది. అమ్మ పోయినప్పుడు మొదలుపెట్టిన నిద్రమాత్ర నాలుగేళ్లుగా ఆగలేదు. ప్రోస్టేట్ మాత్ర సరేసరి, అదీ బీపీ దించేదే.

నాన్నని పడుకోబెట్టి బీపీ చూశాడు, 142. నిలబెట్టి మూడు నిమిషాలకి మళ్లీ చూశాడు, 106. అంతే. లేవగానే బీపీ అంత పడిపోతోంది, నాన్న పడుతున్నది అందుకే. ఏ స్కానింగులోనూ కనపడనిది ఒక బీపీ పట్టీతో దొరికింది! తర్వాత కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోమని, ఎంతసేపు పడుతుందో గడియారం చూశాడు. బీపీ మాత్రల్లో ఒకటి అక్కడికక్కడే ఆపించాడు. నిద్రమాత్ర మాత్రం ఒక్కసారిగా మానకూడదని వారాల తరబడి తగ్గించుకుంటూ వచ్చారు. రెండు నెలలకి పదకొండు కాస్తా ఆరయ్యాయి. నాన్న మళ్లీ పడలేదు.

అందుకే నా పట్టుదల ఒకటే. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి మెడికల్ కాలేజీలో ఈ విభాగం ఉండి తీరాలి, మందులు ఎలా తగ్గించాలో అక్కడ చదివే పిల్లలకి నేర్పాలి. 70 దాటినవాళ్లకి ఏటా 5 లక్షల దాకా ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024లో వచ్చింది, మంచిదే. కానీ అది అడ్మిట్ అయితేనే. నాన్నని నిలబెట్టింది ఓపీలో ఒక డాక్టరు ఇచ్చిన ముప్పావుగంట. ఆ ముప్పావుగంటకి ఏ కార్డూ లేదు.

వృద్ధుల ఆరోగ్యానికి 2010లో వచ్చిన జాతీయ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆస్పత్రిలో వాళ్లకి విడిగా ఓపీ, 10 పడకల వార్డు ఉండాలి. ముందు మీ ఊళ్లో అడగండి. చెన్నై గిండీలో 2024లో వృద్ధుల కోసమే కేంద్రం తెరిచారు, చిత్తూరు వైపు వాళ్లకైతే వెల్లూరు సి.ఎం.సి. ఆస్పత్రి దగ్గర. ఎక్కడికెళ్లినా సంచి మాత్రం మరవకండి. మధ్యలో మానేసిన మాత్రలు, పక్కింటివాళ్లిచ్చిన కషాయం సీసా, అన్నీ అందులో వేయండి.