బండి కదలకముందు సంగతి రాయి

చిరంజీవి కిరణ్‌కు,

ఆశీస్సులు. కిల్లాసైకిల్ అనే ఎలక్ట్రిక్ రేసు బైకు ప్రమాదం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. నీ వాక్యం బాగానే నడుస్తుంది, ఆ బెంగ లేదు. కానీ మొదటి పేరాలోనే 'మృత్యువుతో చెలగాటం', 'రెప్పపాటులో ఘోరం' పడ్డాయి. వాటిని కొట్టేసి చూస్తే అందులో బండి గురించి ఒక్క ముక్క మిగల్లేదు.

2007లో లాస్ ఏంజెలిస్‌లో ఏం జరిగింది? ఒక ప్రదర్శన దగ్గర, బండి తయారుచేసిన బిల్ డూబే తనే ఎక్కి, కెమెరాల ముందు బర్నవుట్ చేయబోయాడు. వెనక చక్రాన్ని ఉన్నచోటే తిప్పి పొగ లేపడం అన్నమాట. బండి రోడ్డుకి అడ్డంగా దూసుకెళ్లి, ఆగి ఉన్న మినీవ్యాన్‌ని గుద్దింది. ఆయన గాయాలతో బయటపడ్డాడు. అప్పట్లో డ్రాగ్ రేసుల్లో, అంటే తిన్నని ట్రాక్ మీద కొద్ది దూరం దూసుకెళ్లే పోటీల్లో, దాన్ని నడిపే రైడర్ ఆయన కాదు, స్కాటీ పొల్లాచెక్. ఈ సంగతి నువ్వు చివర్లో, అదీ బ్రాకెట్లో పెట్టావు. పైకి తీసుకురా. ట్రాక్ మీద అలవాటైన రైడర్ ఉంటాడు, పట్టు కోసం సిద్ధం చేసిన తారు ఉంటుంది, ఎదురుగా ఖాళీ ఉంటుంది. ఆ వీధిలో ఇవేవీ లేవు. ఇలాంటి చోట్ల పొగ ఫోటో కోసం ఎదురుచూసేవాళ్లలో మన పత్రికలవాళ్లమూ ఉంటాం, అదీ రాయి.

తర్వాత, హార్స్‌పవర్ అంకె వేసి వదిలేశావు. పెట్రోలు బైకులో ఇంజిన్ రేజ్ కావాలి, క్లచ్ వదలాలి, ఈలోగా చెవికి హెచ్చరిక అందుతుంది. ఈ బండి ఆన్‌లో ఉందో లేదో శబ్దాన్ని బట్టి చెప్పలేం. పైగా చక్రం నిలిచి ఉండగానే మోటారు పూర్తి టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇవ్వగలదు. మన పాఠకులకిది మరీ కొత్తేం కాదు. ఎలక్ట్రిక్ స్కూటర్ ఆఫ్ చేయకుండా తోస్తూ, యాక్సిలరేటర్ మీద చెయ్యి పడి గేటుకి గుద్దినవాళ్లు అపార్ట్‌మెంటుకి ఒకరైనా ఉంటారు. అక్కడ మొదలుపెట్టు. గంటకు 97 కిలోమీటర్ల వేగాన్ని సెకనులోపే అందుకుంటుందని పేరున్న బండి ఎలాంటిదో వాళ్లే ఊహించుకుంటారు.

ఇంకాస్త లోపలికి వెళ్లొచ్చు. ఇలాంటి డీసీ మోటారు బండ్లలో మోటారుకి ఎంత కరెంటు వెళ్లాలో చూసే కంట్రోలర్‌లోని ట్రాన్సిస్టర్లు షార్టయితే, రైడర్ యాక్సిలరేటర్ వదిలేసినా మోటారుకి కరెంటు పోతూనే ఉండొచ్చు. అందుకే బ్యాటరీ లైనుని విడగొట్టే పెద్ద స్విచ్, అదే కాంటాక్టరు, వేరేగా ఉండాలి. రైడర్ చేతికి ఒక తాడు కట్టాలి, మనిషి పడగానే అది ఊడి కరెంటు ఆగిపోవాలి. లాస్ ఏంజెలిస్‌లో కంట్రోలరే పాడైందని మాత్రం రాయకు. నీ దగ్గర రుజువు లేదు. 'బహుశా' అని తగిలించి రాయడం కూడా వద్దు.

బండి నిలిపి ఉంచితే భయం లేదనుకుంటారు జనం. 2019 మార్చిలో స్పెయిన్‌లోని జెరెజ్ సర్క్యూట్‌కి మోటోఈ అనే ఎలక్ట్రిక్ బైకుల రేసు పోటీల టెస్టింగ్ కోసం తెచ్చిన ఎనర్జికా కంపెనీ రేసు బైకులన్నీ ఒక్క రాత్రి మంటల్లో బూడిదయ్యాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పోటీల మొదటి రేసు ఆ తర్వాత జులైలో జర్మనీలో జరిగింది. దీనికి రెండు వాక్యాలు చాలు, కానీ ఉండాలి. బ్యాటరీ పక్కన పనిచేసే మెకానిక్కులని నీ వ్యాసం పూర్తిగా మరిచిపోయింది.

రేపు నువ్వే టెస్ట్ రైడ్‌కి వెళ్తే, ఎక్కకముందే కరెంటు ఆపే స్విచ్ ఎక్కడుందో అడుగు. జనం ఉన్నచోట వీడియో కోసం గట్టిగా లాగమంటే ఒప్పుకోకు. టెన్షన్ పడుతున్నావని నవ్వితే నవ్వనీ.

డూబే బండిని మళ్లీ నిలబెట్టాడు. 2008లో అది పావు మైలుని 7.89 సెకన్లలో దాటింది. నువ్వు 168 మైళ్ల వేగం అని వదిలేశావు, గంటకు 270 కిలోమీటర్లని మార్చు. శీర్షిక నేను చూసుకుంటాను. శుక్రవారంలోపు పంపితే ఈ సంచికలోనే వేస్తాం.